శెనక్కాయ చేను బెట్టకు వస్తే: ఎప్పుడు చూడాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు (సమగ్ర మార్గదర్శి)

జూలైలో మంచి పదును మీద విత్తారు. మొలక ఒత్తుగా వచ్చింది. ఆగస్టుకు వాన ముఖం చాటేసింది. మధ్యాహ్నం గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా ఆకులు ముడుచుకుని, పచ్చదనం పోయి బూడిదరంగుకు తిరిగినట్టు ఉంటుంది. రాయలసీమలో వర్షాధార వేరుశనగ వేసే ఏ ఇంటికీ ఇది కొత్త కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. అదైనా సమంగా పడదు. రెండు మూడు పెద్ద వానలు, వాటి మధ్య వారాల తరబడి బెట్ట.

ఆ మధ్యాహ్నపు చూపే చాలామంది చేత అనవసరపు ఖర్చు పెట్టిస్తుంది. కంగారుగా దుకాణానికి వెళ్తే ఏదో ఒక సీసా చేతిలో పెడతారు. నిజానికి ఆ వేళ మొక్క చేస్తున్నది తనను తాను కాపాడుకునే పని. దానికి మనం అడ్డు రాకూడదు. అది చేయలేని పనులు కొన్ని ఉన్నాయి, చేయలేని రోజులూ కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు. ఈ రెండింటినీ విడదీసి చూడటం ఎలాగో వరుసగా రాస్తున్నాను. ప్రధానంగా వేరుశనగ గురించే. పత్తి, జొన్న, వరి అవసరమైన చోట వస్తాయి.

1. మధ్యాహ్నం చూసి తీర్పు చెప్పకండి

వేరుశనగ రెబ్బకు నాలుగు చిట్టాకులు ఉంటాయి. వేరు అందించే నీటికన్నా ఆకు నుంచి పోయే నీరు ఎక్కువైనప్పుడు ఈ చిట్టాకులు జతలుగా పైకి లేచి ఒకదానికొకటి ఎదురెదురుగా దగ్గరవుతాయి. అప్పుడు ఎండ ఆకు వెడల్పు మీద కాక అంచు మీద పడుతుంది. ఆకు వేడెక్కడం తగ్గుతుంది, నీటి ఖర్చూ తగ్గుతుంది. చిట్టాకు మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కీలులోని కణాలు నీటిని ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చుకోవడం వల్ల ఈ కదలిక వస్తుంది. ఇది జబ్బు కాదు.

కాబట్టి చేనును మూడు వేళల్లో చూడాలి: మిట్టమధ్యాహ్నం, సాయంత్రం అయిదు గంటలకు, మర్నాడు పొద్దున ఎనిమిది లోపు. మరీ చీకటితో వెళ్లకండి. వేరుశనగ ఆకులు రాత్రిపూట సహజంగానే ముడుచుకుంటాయి. వెలుతురు వచ్చాక విచ్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. తెల్లవారకముందే వెళ్లి చూసినవాళ్లకు ఆ నిద్ర ముడతే బెట్టలా కనిపిస్తుంది.

మధ్యాహ్నం ముడుచుకుని సాయంత్రానికి విచ్చుకుంటే మొక్క ఇంకా తట్టుకుంటోంది. మీరు చేయాల్సింది ఏమీ లేదు. సాయంత్రం కూడా ముడుచుకునే ఉండి, రాత్రి చల్లదనానికి కోలుకుని పొద్దున విచ్చుకుంటే అది హెచ్చరిక. నేల పై పొరలో తేమ అయిపోవస్తోందని లెక్క. పొద్దున ఎనిమిదికి కూడా ఆకు వాడిపోయి, పట్టుకుంటే మెత్తగా, చల్లదనం లేకుండా ఉంటే రాత్రంతా వేరు తెచ్చిన నీరు చాలలేదన్నమాట. అసలు నష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఏ మందు కొట్టాలన్నా, ఏ మోటారు వేయాలన్నా నిర్ణయం ఈ పొద్దుటి చూపు మీదే ఆధారపడాలి.

2. బెట్టా, తెగులా?

బెట్ట చేనంతటికీ ఒకేసారి రాదు, అయినా దానికో వరుస ఉంటుంది. గరుసు తేలిన మెరక ముందు వాడుతుంది, తర్వాత చెట్ల నీడ పక్కన వేళ్లు పోటీపడే చోటు, చివరికి పల్లం. అలా కాక మంచి తేమ ఉన్న పల్లంలో అక్కడొకటి ఇక్కడొకటి మొక్క వాడితే, లేదా ఒకే మొక్కలో ఒక కొమ్మ వాడి పక్క కొమ్మ పచ్చగా ఉంటే వంగి మొదలు చూడండి. తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గుండ్రని గింజలు కనిపిస్తే కాండం కుళ్లు. పట్టి లాగగానే వేరు లేకుండా తేలిగ్గా ఊడివస్తే నేలలో వేరుపురుగు ఉంది. వీటికి నీళ్లు పెట్టినా ప్రయోజనం లేదు.

ఉప్పు నీటి బోరు ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. ముదురు ఆకుల కొనలు, అంచులు మాడి లోపలికి ఎండుతూ వస్తే అది ఉప్పు దెబ్బ. ఉప్పు మొక్కను రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. మొదట నేలలో నీరున్నా వేరును పీల్చుకోనివ్వదు, తర్వాత సోడియం, క్లోరైడ్ ముదురు ఆకుల్లో పేరుకుని కణాలను చంపుతాయి. వేరుశనగ ఉప్పును పెద్దగా ఓర్చుకోలేదు. నేల సారంలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 3 దాటితే దిగుబడి వేగంగా పడిపోతుంది. అటువంటి నీటిని స్ప్రింక్లర్‌తో ఆకుల మీద పోయడం బెట్టకన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

3. ముడుచుకున్న ఆకు లోపల ఏం జరుగుతోంది

ఇది తెలిస్తే తర్వాతి మెట్లన్నీ సులువుగా అర్థమవుతాయి, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మొక్క పీల్చుకున్న నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల నుంచి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పోయే పత్రరంధ్రాల గుండానే బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది. నేలలో తేమ తగ్గగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. రంధ్రానికి రెండు పక్కలా ఉండే రక్షక కణాలకు అది అందితే వాటిలోని పొటాషియం బయటికి పోతుంది, దాని వెంట నీరూ పోతుంది, కణాలు వదులై రంధ్రం మూసుకుంటుంది. నీరు ఆదా అయింది. అయితే గాలీ ఆగింది, అంటే ఆహార తయారీ కూడా తగ్గింది. ఆవిరి ఆగడంతో ఆకు వేడెక్కుతుంది కూడా. బెట్టలో దిగుబడి తగ్గడానికి మొదటి కారణం ఇదే. మొక్క ప్రాణం కోసం తిండి మానుకుంటోంది.

ఇంకా రెండు పనులు చేస్తుంది. కణాల్లో చక్కెరలు, ప్రోలిన్ వంటి పదార్థాలను పోగుచేసి, వాటి బలంతో ఆరిపోతున్న నేల నుంచి కూడా కొంత నీటిని లాగుతుంది. పైకి ఎదగడం ఆపి, ఉన్న ఆహారాన్ని వేళ్లకు పంపుతుంది. కాండం పెరగడం ఆగిపోయేంత పొడి నేలలో కూడా వేరు కొంతకాలం పెరుగుతూనే ఉంటుంది. చేను ఎదగడం లేదని మీరు బాధపడే రోజుల్లో మొక్క కిందికి ఎదుగుతోంది. ఆ సమయంలో యూరియా చల్లి పైకి ఎదిగించాలని చూడటం దానికి ఎదురు పోవడమే. పైగా పొడి నేలలో చల్లిన యూరియా కరగదు, వేరుకు అందదు.

ఒక్కో పంట దారి ఒక్కోటి. కంది లోతుకు వేరు దింపి తప్పించుకుంటుంది. జొన్న ఆకును చుట్టేసుకుంటుంది, పైన మైనపు పూత పెట్టుకుంటుంది, ఎదుగుదలను ఆపి వాన కోసం ఆగుతుంది. ఎదగకుండా ఆగడం ఎంత పెద్ద బలమో ముంపు వరి చూపిస్తుంది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి రకం వారం పైగా పూర్తి ముంపులో ఉంటే కుళ్లిపోయేది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ అనే వరి నుంచి సబ్1 జన్యువును స్వర్ణలోకి తెచ్చాక, అదే రకం దాదాపు రెండు వారాలు నీళ్లలో మునిగినా బతుకుతోంది. ఆ జన్యువు చేసేదల్లా మునిగినప్పుడు పైకి సాగిపోకుండా ఆపి, నిల్వ ఆహారాన్ని మిగల్చడమే. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

వేరుశనగకు మరో చిక్కు ఉంది. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే వేరు బుడిపెలు ఆకుకన్నా ముందే బెట్టకు లొంగిపోతాయి. రెండు వారాల బెట్ట తర్వాత కింది ఆకులు పసుపు రంగుకు తిరగడానికి చాలాసార్లు కారణం ఇదే.

4. నేల తవ్వి చూడండి

ఎర్ర చల్కా నేల ఒక అడుగు లోతులో మొక్కకు అందేలా పట్టి ఉంచుకునే నీరు సుమారు 30 మి.మీ. నల్లరేగడి అయితే దాదాపు రెట్టింపు. గుబురుగా పెరిగిన వేరుశనగ చేను రోజుకు 4 నుంచి 5 మి.మీ. వాడుకుంటుంది. అంటే మంచి వాన తర్వాత ఎర్ర నేల పై అడుగులోని తేమ వారం రోజుల్లో ఖర్చవుతుంది. మిగతా రోజులు మొక్క లోతు తేమ మీద, తన పొదుపు మీద నెట్టుకొస్తుంది.

చేతి పారతో మెరకలో ఒక చోట, పల్లంలో ఒక చోట అడుగున్నర లోతు తవ్వండి. జానెడు లోతు మట్టిని, అడుగు లోతు మట్టిని విడివిడిగా పిడికిట నొక్కండి. ఉండ కట్టి వేలితో తాకితే విడిపోతే తేమ ఉంది. ఉండ కట్టకుండా వేళ్ల సందుల్లోంచి రాలిపోతే ఆ పొరలో మొక్కకు నీరు లేదు. పైన పొడిగా ఉండి అడుగు కింద ఉండ కడుతుంటే, పొద్దున ఆకు విచ్చుకుంటుంటే ఇంకొన్ని రోజులు ఆగవచ్చు. గరుసు పొర అడుగు లోతులోనే తగిలితే ఆ వెసులుబాటు లేదు. మీ చేనులో ఎక్కడెక్కడ గరుసు పైకి ఉందో ఒకసారి గుర్తు పెట్టుకుంటే ప్రతి ఏడూ పనికొస్తుంది.

5. పైరు వయసును బట్టి నిర్ణయం మారుతుంది

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఈ మెట్టు గురించే. ఒకే బెట్ట ఒక వయసులో మేలు చేస్తుంది, ఇంకో వయసులో చేను ముంచుతుంది.

*మొలక నుంచి 25, 30 రోజుల దాకా.* ఈ బెట్టకు భయపడకండి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రయోగాల్లో, పూతకు ముందు ఒక మోస్తరు నీటి కొరత చూసి తర్వాత నీరు అందుకున్న వేరుశనగకు దిగుబడి తగ్గకపోగా కొంత పెరిగింది. వేరు లోతుకు దిగుతుంది, ఆకు మితంగా ఉంటుంది, నీరు అందగానే పూత ఒక్కసారిగా వస్తుంది, కాయలన్నీ దగ్గర దగ్గరగా ముదురుతాయి. ఈ నెలలో కుంటలో ఉన్న నీళ్లు ఖర్చు చేసే రైతును చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ నీళ్లకు అసలు అవసరం ఇంకో నెల తర్వాత ఉంది. మొలకే సరిగా రాక, విత్తు భూమిలోనే మాడుతుంటే మాత్రం వేరే సంగతి.

*పూత దశ, 30 నుంచి 45 రోజులు.* వేరుశనగ ఒక్కరోజులో పూసి ముగించే పైరు కాదు, వారాల తరబడి పూస్తుంది. బెట్టకు పూత ఆగినా, వాన పడితే మళ్లీ వస్తుంది. కాబట్టి ఇక్కడి నష్టాన్ని మొక్క కొంత పూడ్చుకోగలదు. పూత రాలిందని హార్మోను మందులు కొట్టక్కర్లేదు. 35 డిగ్రీలు దాటిన వేడి తోడైతే పుప్పొడి దెబ్బతిని పూసిన పూలన్నీ ఊడలు (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) కావు. దానికి చేనులో మనం చేయగలిగింది తక్కువ. వరికీ ఇంతే. పువ్వు విచ్చుకునే పూట 35 డిగ్రీలు దాటితే తాలు గింజలు పెరుగుతాయి.

*ఊడలు దిగే దశ, 40 నుంచి 60 రోజులు.* మొక్క తన బలంతో దాటలేని మొదటి గండం ఇది. పువ్వు ఫలదీకరణ చెందాక ఊడ కిందికి సాగి నేలలోకి గుచ్చుకోవాలి. పై రెండంగుళాల మట్టి గట్టిపడితే దాని కొన లోపలికి దిగలేదు. వేరుకు లోతు తేమ ఎంత ఉన్నా ఊడకు ఉపయోగం లేదు, దానికి పై పొరే కావాలి. నేలకు దూరంగా, ఎత్తు కణుపుల మీద పుట్టిన ఊడలు ఎలాగూ నేల చేరవు. ఈ రోజుల్లో ఒక్క తడి పడినా వందల ఊడలు ఒకేసారి దిగుతాయి.

*కాయ ఊరే దశ, 55 నుంచి 85 రోజులు.* ఈ దశలో బెట్ట చేసే నష్టం మిగతా దశలన్నిటికన్నా ఎక్కువ, దీన్ని పూడ్చుకునే దారి కూడా మొక్కకు లేదు. కారణం కాల్షియం. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి రాదు. కాయే తన చుట్టూ ఉన్న తడి మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. మట్టి ఎండితే కాల్షియం కదలదు, డొల్ల ఉండి పప్పు ఉండదు. పైకి పచ్చగా ఉన్న చేను పీకితే తాలు కాయలు రావడం అందువల్లే. ఎకరాకు 200 కిలోల జిప్సం 40, 45 రోజుల మధ్య మొదళ్ల దగ్గర వేయమనేది ఇందుకే. అది కూడా నేలలో తేమ ఉన్నప్పుడు వేస్తేనే పని చేస్తుంది. చేను బెట్టలో ఉంటే జిప్సం తెచ్చి పెట్టుకుని, పడిన మొదటి వాన మీద వేయండి.

*85 రోజుల తర్వాత.* కాయ ముదిరే సమయం. ఇక్కడ బెట్ట వల్ల దిగుబడికన్నా గింజ నాణ్యతకు ముప్పు. దాని గురించి కోత దగ్గర చెప్తాను.

6. నీళ్లుంటే: ఒక్క తడి ఎక్కడ పోయాలి

ముందు లెక్క వేయండి. ఎకరా నేల మీద 1 మి.మీ. నీరు అంటే దాదాపు 4,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు తెచ్చి ఎకరాకు పారిస్తే పడేది 1.2 మి.మీ. మాత్రమే. అది ఆ పూటే ఆవిరైపోతుంది. పండ్ల మొక్కల పాదులకు ట్యాంకరు నీళ్లు పోయడం అర్థమున్న పని. వేరుశనగ చేనుకు పోయడం డబ్బు పారబోయడం. కనీసం 20 మి.మీ. పడితే గానీ ఊడల పొర తడిసి నిలవదు. ఎకరాకు 80 వేల లీటర్లకు పైగా అవసరం.

కుంటలో ఒక్క ఎకరాకు సరిపడా నీళ్లే ఉండి చేను నాలుగెకరాలు ఉంటే, నాలుగెకరాలనూ తలా కాస్త తడపాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే నాలుగూ పోతాయి. గరుసు తక్కువగా ఉండి మొక్క ఒత్తుగా నిలిచిన ఎకరా ఎంచుకుని దానికి పూర్తి తడి ఇవ్వండి. మనసుకు కష్టంగా ఉన్నా ఇదే సరైన పని. స్ప్రింక్లర్లు సాయంత్రం పొద్దు వాలాక, గాలి తగ్గాక వేయండి. పగటి గాలిలో నీటిలో కొంత ఆకును చేరకముందే పోతుంది.

2016 ఆగస్టులో అనంతపురం జిల్లాలో ఎండుతున్న వేరుశనగకు రెయిన్ గన్‌లతో తడులిచ్చే కార్యక్రమం పెద్ద ఎత్తున జరిగింది. అలాంటి సాధనం మీకు అందుబాటులో ఉన్నా ముఖ్యమైన ప్రశ్న అదే: ఈ నీళ్లు ఊడలు, కాయల రోజుల్లో పడుతున్నాయా, పడేది పై పొర తడిసేంత ఉందా?

7. నీళ్లు లేకపోతే

45 రోజుల లోపు పైరు అయితే గుంటక లేదా దంతి తోలండి. పై అంగుళం మట్టి పొడి పొడిగా లేస్తే కింది తేమ పైకి వచ్చే సన్న దారులు తెగుతాయి, పగుళ్లు మూసుకుంటాయి, కలుపు పోతుంది. బెట్టలో కలుపు తీయడమంటే తేమను కాపాడటమే. పీకిన కలుపును గింజ కట్టకముందే సాళ్ల మధ్య పరిచేయండి. 45 రోజులు దాటాక గుంటక చేనులోకి తేవద్దు. దిగిన ఊడలు తెగుతాయి. అప్పుడు చేత్తో కలుపు పీకడమే.

పైపాటు పిచికారీ గురించి రైతులు ఎక్కువగా అడుగుతారు. ఎకరాకు కొట్టే 200 లీటర్ల నీరు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. దానితో దాహం తీరదు. పోషకం మాత్రం అందుతుంది. ఆకులు పసుపు తిరిగితే లీటరుకు 20 గ్రాముల యూరియా, లేదా 10 గ్రాముల 13-0-45 అని పిలిచే పొటాషియం నైట్రేట్ చాలు. రక్షక కణాలు పని చేయడానికి పొటాషియం కావాలని పైన చెప్పాను కదా, 13-0-45 వాడకానికి ఆధారం అదే. పొద్దున ఆకు విచ్చుకునే చేనుకే, అది కూడా చల్లని పూట కొట్టండి. పొద్దున కూడా వాడి ఉన్న చేనుకు కొడితే ఆకు మాడుతుంది. వాడిన చేనులో కలుపు మందు అసలే వద్దు. వాడిపోయిన కలుపు మొక్క మందును పీల్చుకోదు, వాడిపోయిన పైరు మాత్రం దెబ్బ తింటుంది.

పురుగును మాత్రం వదలకండి. బెట్టలో తామర పురుగులు, ఆకుముడత పురుగు విజృంభిస్తాయి. వాన లేక వాటిని కడిగేసేది ఏమీ ఉండదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాను దెబ్బ తీసిన వేరుశనగ కాండం ఎండు తెగులు వైరస్‌ను మోసింది తామర పురుగులే. గట్ల మీది వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు దాన్ని ఆకు గాయాలకు అంటిస్తాయి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకడం బెట్టలో చేయదగ్గ పనుల్లో అన్నిటికన్నా చవకైనది.

8. వాన పడ్డ మర్నాడు

కోలుకునే మొక్కకు గాలి కావాలి. ఎర్ర నేలలో నీరు త్వరగా ఇంకుతుంది. పల్లంలో నిలిస్తే గాడి తీసి వదిలేయండి. నల్లరేగడిలో పత్తి వేసిన తెలంగాణ రైతులకు ఇది మరీ ముఖ్యం. బెట్ట తర్వాత పెద్ద వాన పడి వేళ్ల చుట్టూ నీరు నిలిస్తే, కాయల మీదున్న పత్తి చెట్టు ఒకటి రెండు రోజుల్లో నిలువునా వాలిపోతుంది. దీన్ని పారావిల్ట్ అంటారు. ఇది శిలీంధ్రం పని కాదు. గాలి ఆడని వేళ్లు నీరు లాగలేకపోవడం, మొక్కలో ఇథిలీన్ అనే హార్మోను పెరగడం దీని వెనుక ఉన్నాయి. వెంటనే నీరు తీసేయాలి. వాలిన కొన్ని గంటల్లోపు అయితే 100 లీటర్ల నీటికి 1 గ్రాము కోబాల్ట్ క్లోరైడ్ కలిపి పిచికారీ చేస్తే కొన్ని చెట్లు తేరుకుంటాయి, ఎందుకంటే కోబాల్ట్ ఇథిలీన్ తయారీని అడ్డుకుంటుంది. ఆలస్యమైతే ఫలితం ఉండదు.

వేరుశనగలో వాన తర్వాత లేత ఆకులు ఈనెలు పచ్చగా, మిగతాదంతా పసుపుగా మారితే అది ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో తరచూ కనిపిస్తుంది. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టండి. యూరియాతో ఇది తగ్గదు.

వాన తర్వాత మళ్లీ పూత వస్తే సంతోషించే ముందు వయసు లెక్క చూడండి. 105, 110 రోజుల రకంలో 75 రోజుల తర్వాత వచ్చిన పూత కాయ కట్టి ముదిరేలోపు కోత వచ్చేస్తుంది. దాని కోసం కోత వాయిదా వేయకండి.

9. చివరి నెల బెట్ట, కోత, ఆరబెట్టడం

కోతకు ముందు మూడు నుంచి ఆరు వారాలు బెట్ట ఉండి, కాయల పొరలో మట్టి 28 నుంచి 31 డిగ్రీల మధ్య వేడెక్కితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నేలలోనే కాయలోకి చేరి అఫ్లటాక్సిన్ విషాన్ని తయారుచేస్తుంది. మామూలుగా గింజ తనలోనే బూజును ఆపే పదార్థాలు తయారుచేసుకుంటుంది. గింజలో తేమ తగ్గేకొద్దీ ఆ శక్తి పోతుంది. విషం కంటికి కనిపించదు, వేయిస్తే పూర్తిగా పోదు. మనం తినే పప్పు, పశువుకు పెట్టే చెక్క కూడా ఇదే కాబట్టి దీన్ని అమ్మకం ధర వ్యవహారంగా మాత్రమే చూడకండి.

చివరి బెట్టలో చేయగలిగినవి ఇవి. చేతిలో ఒక్క తడి మిగిలి ఉంటే ఇప్పుడు కాయల పొర తడపండి, బూజు వెనక్కి తగ్గుతుంది, పీకడమూ సులువవుతుంది. నాలుగైదు మొక్కలు పీకి కాయలు పగలగొట్టి చూడండి. నూటికి డెబ్బై కాయల్లో డొల్ల లోపలి వైపు గోధుమ నలుపు రంగుకు తిరిగితే వాన కోసం ఎదురుచూడకుండా కోయండి. నేల గట్టిగా ఉంటే నాగలితో లేపి పీకండి, చేత్తో లాగితే కాయలు నేలలోనే తెగి ఉండిపోతాయి. ఇంకా ఆగితే, గుత్తి రకాలకు (పాకకుండా గుబురుగా పెరిగేవి) విత్తన నిద్రావస్థ దాదాపు ఉండదు కాబట్టి, ఒక్క వాన పడగానే ముదిరిన కాయలు నేలలోనే మొలకెత్తుతాయి.

పూర్తిగా ఎండిన చోటి మొక్కల కాయలను పచ్చి మొక్కల కాయలతో కలపవద్దు. మెరకలో ముందు చచ్చిన మొక్కల్లోనే విషం ఎక్కువగా ఉండే అవకాశం. కాయలు పైకి వచ్చేలా పీకిన మొక్కలను తిరగేసి ఆరబెట్టండి, తేమ 8, 9 శాతానికి దిగేదాకా. కాయ ఊపితే గింజ గలగలమనాలి. కాయలు కొట్టే ముందు నీళ్లు చల్లే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దయచేసి మానండి. ముడుచుకుపోయిన గింజలను, రంగు మారిన గింజలను ఏరి పారేయండి, పశువుకు కూడా పెట్టవద్దు.

10. వచ్చే ఖరీఫ్‌కు ఇప్పుడే

బెట్టను తట్టుకునే పనిలో ఎక్కువ భాగం విత్తకముందే జరిగిపోతుంది. వేసవి దుక్కితో గట్టి పొర పగిలితే వేరుకు లోతు దొరుకుతుంది. వాలుకు అడ్డంగా విత్తి, ఎనిమిది సాళ్లకు ఒక గొడ్డుసాలు (విత్తకుండా తీసిన సాలు) వదిలితే పడిన వాన చేనులోనే నిలుస్తుంది. రకం ఎంపికలో మీ నేల లోతు చూడండి. పలుచని గరుసు నేలకు త్వరగా కోతకొచ్చే రకం మేలు. ఇక్రిశాట్ ఐసీజీవీ 91114 అలాంటిదే, అనంతపురం రైతులు వేసి చూసినదే. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి 6, కదిరి లేపాక్షి రకాలు సీమలో బాగా వ్యాపించాయి.

ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేయండి. శెనక్కాయ పోయిన ఏట కూడా లోతు వేరు ఉన్న కంది ఈశాన్య రుతుపవనాల చినుకులకు కాస్తుంది. రెండు పంటలు రెండు లోతుల నుంచి తాగుతాయి కాబట్టి పోటీ తక్కువ. జూలై దాటినా పదును రాకపోతే శెనక్కాయ విత్తనం మీద డబ్బు పెట్టకుండా కొర్ర, జొన్న, ఇంకా ఆలస్యమైతే ఉలవ వైపు వెళ్లండి. మీ జిల్లాకు హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) తయారుచేసిన ప్రత్యామ్నాయ పంటల ప్రణాళిక ఉంది, మండల వ్యవసాయ అధికారిని అడిగి చూడండి.

చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న లేదా సజ్జ ఒత్తుగా వేస్తే గాలికి కొట్టుకొచ్చే తామర పురుగులు చాలావరకు అక్కడే ఆగుతాయి. జొన్న వేసినవాళ్లు ఒక్క జాగ్రత్త మరవకండి. బెట్టకు వచ్చిన లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకల్లో ధురిన్ అనే పదార్థం పెరుగుతుంది. పశువు కడుపులో అది సైనైడ్ విషమవుతుంది, అదే నాము. మేత కరువుగా ఉన్న ఏటే ఈ జొన్న పచ్చగా కనిపించి పశువులు దాని మీదికి పోతాయి. పూత వచ్చేదాకా దాన్ని మేపవద్దు, కోసి పెట్టాల్సి వస్తే బాగా ఎండబెట్టి పెట్టండి. మేసిన కాసేపటికే పశువు రొప్పుతూ, తూలుతూ పడిపోతే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. నాముకు ఇంజక్షన్ ఉంది, కానీ అది నిమిషాల మీద అందాలి.